తాత సమాధి మీది రాత

ఇస్తాంబుల్‌లో ఉస్కుదార్ వైపు కరజాఅహ్మెత్ అనే పెద్ద శ్మశానం ఉంది. అక్కడి పాత సమాధి రాళ్ళ తలభాగంలో తలపాగాలు చెక్కి ఉంటాయి. కింద అరబ్బీ లిపిలో పేరు, ఊరు, చివర్లో ఒక వేడుకోలు: ఈ ఆత్మ కోసం ఒక్క ఫాతిహా (ఖురాన్ తొలి అధ్యాయం) చదవండి అని. ఆ దారిన పోయే మునిమనవడికి ఆ వేడుకోలు చదవడం రాదు. అది అతని భాషే, లిపి మాత్రం మారిపోయింది.

2014 డిసెంబరులో ఈ పాత గాయమే మళ్ళీ రేగింది. మతవిద్య నేర్పే హైస్కూళ్ళలో ఒట్టోమన్ టర్కిష్‌ను, అంటే ఒట్టోమన్ సామ్రాజ్య కాలంలో అరబ్బీ లిపిలో రాసిన పాత టర్కిష్‌ను, తప్పనిసరి చేయాలని, మిగతా చోట్ల ఐచ్ఛికంగా పెట్టాలని జాతీయ విద్యామండలి సిఫారసు చేసింది. ఎవరికి ఇష్టమున్నా లేకపోయినా నేర్పి తీరతామని అధ్యక్షుడు ఎర్దోవాన్ ప్రకటించారు. వెనక్కి నడిపిస్తున్నారని ఒక వర్గం మండిపడింది.

నిజానికి టర్కిష్ పుట్టింది టర్కీలో కాదు. దాని తొలి పెద్ద రాతలు మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో ఉన్నాయి. అక్కడ బిల్గె కాగాన్ అనే రాజు చనిపోయిన తమ్ముడు కుల్ తెగిన్ పేరిట 732లో ఒక శిల నిలబెట్టించాడు. 1893లో డెన్మార్క్ పండితుడు విల్‌హెల్మ్ థామ్సెన్ ఆ లిపిని ఛేదించేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియదు. తమ్ముడి కోసం ఏడుస్తూ ఆ అన్న అంటాడు: చూసే నా కళ్ళు చూడనట్టయ్యాయి, తెలిసే నా తెలివి తెలియనట్టయింది. మూలంలో "కోరూర్ కోజూమ్ కోర్మెజ్ తెగ్". ఈనాటి టర్కిష్‌లో "గోరూర్ గోజూమ్ గోర్మెజ్ గిబి". పన్నెండు వందల ఏళ్ళు దాటినా దుఃఖపు మాట ఇంత దగ్గరగా వినిపించడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

ఆ వాక్యం తెలుగులోకి ఇంత సులువుగా ఒదగడానికి కారణం ఉంది. టర్కిష్‌లోనూ క్రియ చివరికే వస్తుంది, ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటాయి. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌లెర్ ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్ మన ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్‌దెన్ మన ఇళ్ళ నుంచి. మనం పులికి అంటాం, అన్నకు అంటాం. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం మారుతుంది. టర్కిష్‌లో దాదాపు ప్రతి ప్రత్యయం ఇలాగే మారుతుంది. ఇది పోలికే, చుట్టరికమని నిరూపణ కాలేదు.

11వ శతాబ్దంలో కాష్గర్‌కు చెందిన మహమూద్ అనే పండితుడు అరబ్బులకు టర్కిక్ మాటలు నేర్పడానికి బాగ్దాద్‌లో ఒక పెద్ద నిఘంటువు రాశాడు. అదే కాలంలో, 1071లో మలాజ్‌గిర్త్ యుద్ధం తర్వాత టర్కులు అనతోలియాలోకి, అంటే నేటి టర్కీ ప్రధాన భూభాగంలోకి, పెద్ద ఎత్తున వచ్చారు. అప్పటికే వాళ్ళు ముస్లింలు. రాత అరబ్బీ లిపిలోకి మారింది, సాహిత్యంలోకి పారశీకం వచ్చింది. యూనుస్ ఎమ్రె లాంటి కవులు పల్లె మాటలో పాడారు. ఒట్టోమన్ దర్బారు భాష మాత్రం ఆ పల్లెకు అందనంత దూరం వెళ్ళిపోయింది.

అరబ్బీ లిపితో ఇంకో చిక్కు. టర్కిష్‌కు ఎనిమిది అచ్చులు, ఆ లిపిలో అచ్చులకున్న గుర్తులు కొన్నే. "ఓల్దు" అంటే అయ్యాడు. మొదటి అచ్చును పెదాలు సున్నాలా చుట్టి ఎ అన్నట్టు పలికితే చనిపోయాడు అని అర్థం. రాతలో రెండూ ఒకటే. ఫలానా పాషా మంత్రి అయ్యాడో, పోయాడో ముందువెనకలు చూసి పోల్చుకోవాల్సిందే.

అందుకే లిపి మార్చాలన్న మాట 19వ శతాబ్దం నుంచే నలుగుతోంది. టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్ దాన్ని కొన్ని నెలల్లో తేల్చేశారు. కమిటీ కనీసం ఐదేళ్ళు అడిగితే మూడు నెలలే అన్నారట. ఊరూరా నల్లబల్ల ముందు నిలబడి తానే అక్షరాలు రాసి చూపించారు. 1928 నవంబర్ 1న చట్టం వచ్చింది: 29 లాటిన్ అక్షరాలు. డిసెంబర్ 1కల్లా పత్రికలు మారిపోయాయి, 1929 జనవరి 1 నుంచి పుస్తకాలు. చదవడం వచ్చినవాళ్ళు అప్పటికి పదిమందిలో ఇంచుమించు ఒకరే. కొత్త అక్షరాలు పేదవాడికి చదువు దగ్గర చేశాయి. ఆ మార్పును తప్పని నేను అనలేను.

ఆ తర్వాత జరిగినదే మనసుకు కష్టంగా ఉంటుంది. 1932లో ఏర్పడిన భాషా సంఘం అరబ్బీ, పారశీక మాటల ఏరివేత మొదలుపెట్టింది. బడికి మెక్తెబ్ పోయి ఓకుల్ వచ్చింది, పంతులుకు ముఅల్లిమ్ పోయి ఓరెత్మెన్ వచ్చింది. పల్లెల్లో సేకరించిన మాటలు కొన్ని, కొత్తగా అల్లినవి కొన్ని. కలెమ్, కితాప్ లాంటివి మిగిలాయి. మన కలం, కితాబు ఆ అరబ్బీ మాటలే. కుర్మా, కైమా మాత్రం టర్కిక్ మూలం నుంచే మన వంటింటిదాకా వచ్చాయి. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ కూడా తుర్క్‌మెన్ వంశంవాడే.

ఏరివేత ఎంతదాకా పోయిందంటే, కెమాల్ 1927లో ఆరు రోజులపాటు చేసిన మహోపన్యాసాన్ని తర్వాతి తరాల కోసం నేటి టర్కిష్‌లోకి తిరగరాయాల్సి వచ్చింది. లిపి మార్చిన మనిషి మాటలే మనవళ్ళకు అందకుండా పోయాయి.

ఆ 29 అక్షరాల్లో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ లేవు. టర్కీలోని కుర్దు జనం మాట్లాడే కుర్దిష్ రాయాలంటే ఆ మూడూ కావాలి. పిల్లలకు ఆ అక్షరాలతో పేరు పెట్టుకుంటామన్న కుర్దు తల్లిదండ్రులకు చట్టం అడ్డుపడేది. 2013లోగానీ ఆ అక్షరాలపై నిషేధం ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించలేదు.