ట్యాబ్ మీట నుంచి ఆఫీసు ఆదేశం దాకా: కోడ్ అసిస్టెంట్లు టీముల్లోకి వచ్చిన దారి

సాఫ్ట్‌వేర్ టీముల్లో ఇప్పటి పేచీ కోడ్ రాయడం దగ్గర లేదు, రాసినదాన్ని మరొకరు చదివి సరిచూసే రివ్యూ దగ్గర ఉంది. ఆ రంగంలో ఉన్నవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. రెండేళ్ల అనుభవమున్న డెవలపర్ సాయంత్రం అయిదింటికి ఒక పుల్ రిక్వెస్ట్, అంటే తన మార్పులను టీము కోడ్‌లో కలపమనే కోరిక, పెడతాడు. ముప్పై ఫైళ్లు మారి ఉంటాయి. వివరణ పొందికగా ఉంటుంది, టెస్టులన్నీ పాసయ్యాయని పచ్చ గుర్తులు కనిపిస్తుంటాయి. టీమ్ లీడ్ పదో ఫైలు దగ్గర ఆగి, “కాల్ విఫలమైతే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమని ఇక్కడ ఎందుకు పెట్టావు?” అని అడుగుతుంది. “అది అసిస్టెంట్ పెట్టింది మేడమ్” అంటాడతను. అసిస్టెంట్ అంటే మనిషి కాదు, అడిగితే కోడ్ రాసిపెట్టే ఏఐ పరికరం.

ఈ జవాబుకు చాలా వెనకటి చరిత్ర ఉంది. ఐబీఎమ్‌లో జాన్ బ్యాకస్ బృందం 1957లో, మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే ఫోర్ట్రాన్ కంపైలర్‌ను బయటికి తెచ్చినప్పుడు, యంత్రభాషలో చేత్తో కోడ్ రాసుకునేవాళ్లు దాన్ని నమ్మలేదు. యంత్రం తయారు చేసే కోడ్ తాము రాసినంత వేగంగా నడుస్తుందా అని వారి అనుమానం. అప్పట్లో ఆ పనిని ‘ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్’ అనేవారు. నడిపి చూసుకున్నాక అనుమానం తీరిపోయింది. నేటి అసిస్టెంట్లను సమర్థించేవాళ్లు తరచూ ఈ కథే చెబుతారు. అందులో ఒక మెలిక ఉంది. కంపైలర్‌కు ఒకే ప్రోగ్రామును వందసార్లు ఇచ్చినా అదే ఫలితం వస్తుంది, కనుక అది తయారు చేసినదాన్ని ఎవరూ కూర్చుని చదవరు. అసిస్టెంట్‌ను ఒకే కోరిక రెండుసార్లు కోరితే రెండు రకాల కోడ్ ఇవ్వవచ్చు. కాబట్టి ఎవరో ఒకరు చదవాల్సిందే. ఆ ఒకరు ఎవరన్నదే నేటి తగవు.

మధ్య కాలాన్ని త్వరగా దాటేయవచ్చు. 1990లలో మైక్రోసాఫ్ట్ ఎడిటర్లలోకి ఇంటెల్లిసెన్స్ వచ్చింది. చుక్క పెట్టగానే తర్వాత రాయగల పేర్ల జాబితా చూపేది. 2008లో ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు పొందే వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చాక, చిక్కు వచ్చినప్పుడు అక్కడి జవాబు తెచ్చి అతికించడం సగం ఉద్యోగమైంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ కాగితాల మీద పాఠాలు నేర్చుకున్న తరానికి పరాయి కోడ్ వాడుకోవడం తప్పుగా ఎన్నడూ అనిపించలేదు. కాకపోతే అతికించేముందు పేర్లు మార్చాలి, మన పనికి సరిపడేలా సవరించాలి. ఆ సవరింపులోనే కాస్త అర్థమయ్యేది.

2021 జూన్ 29న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే వేదిక గిట్‌హబ్ నుంచి కోపైలట్ అనే అసిస్టెంట్ పరీక్షా రూపంలో వచ్చింది. గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ 2018లోనే 750 కోట్ల డాలర్లకు కొనేసింది. లోపల పనిచేసింది ఓపెన్‌ఏఐ వారి కోడెక్స్ మోడల్. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉన్న కోడ్‌తో దానికి శిక్షణ ఇచ్చారు. కర్సర్ పక్కన బూడిదరంగులో తర్వాతి వరుసలు కనిపిస్తాయి, ట్యాబ్ మీట నొక్కితే మనవైపోతాయి.

కొద్ది రోజులకే ఒక తమాషా బయటపడింది. ‘క్వేక్ 3’ అనే వీడియో గేమ్ కోడ్‌లో వర్గమూలపు విలోమాన్ని మెరుపు వేగంతో లెక్కించే చిన్న ఫంక్షన్ ఒకటుంది. ప్రోగ్రామర్లందరికీ అది తెలుసు. అందులో రాసిన మనిషి విసుగుతో పెట్టిన బూతు వ్యాఖ్య కూడా ప్రసిద్ధమే. కోపైలట్ ఆ ఫంక్షన్‌ను బూతుతో సహా పొల్లుపోకుండా అప్పజెప్పింది. పైన లైసెన్సు మాత్రం వేరేది తగిలించింది. అసలు కోడ్ జీపీఎల్ కింద ఉంది. దాన్ని కలుపుకొని తయారుచేసిన ప్రోగ్రామును ఇతరులకిస్తే దాని సోర్స్‌కోడ్ కూడా ఇవ్వాలన్నది ఆ లైసెన్సు షరతు. కంపెనీల న్యాయవిభాగాలు ఉలిక్కిపడింది ఇక్కడే. 2022 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో గిట్‌హబ్, మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐలపై దావా పడింది. 2024 నాటికి అందులో చాలా ఆరోపణలను జడ్జి కొట్టేశారు, లైసెన్సు ఉల్లంఘన వంటివి కొన్ని మిగిలాయి.

భద్రత సంగతి అంతకుముందే తేలింది. 2021లోనే న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొరపాట్లకు తావున్న 89 సందర్భాలు ఇచ్చి కోపైలట్ చేత ప్రోగ్రాములు రాయిస్తే, దాదాపు 40 శాతంలో భద్రతా లోపాలు కనిపించాయి.

2022 జూన్‌లో కోపైలట్ నెలకు 10 డాలర్లకు అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇది వ్యక్తులు కొనుక్కునే సరుకు, టీము నిర్ణయంతో పని లేదు. ఆ నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. అయిదు రోజులకే స్టాక్ ఓవర్‌ఫ్లో దాని జవాబులను తమ దగ్గర పెట్టవద్దని నిషేధించింది. చూడటానికి ఒప్పుగా ఉండి నిజానికి తప్పైన జవాబులు సరిచూసేవాళ్ల శక్తికి మించి వచ్చిపడుతున్నాయన్నది వారు చెప్పిన కారణం. ఇవాళ్టి రివ్యూ గొడవ మొదటిసారి బయటపడింది అక్కడే. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు సంస్థ సోర్స్‌కోడ్‌ను చాట్‌జీపీటీలో అతికించారని తెలిసి, మే నెలలో ఆ సంస్థ ఇలాంటి పరికరాలను నిషేధించింది.

నిషేధాలు ఎలా సడలాయి? మోడళ్ల తెలివి పెరగడం ఒక కారణమే. నా లెక్కలో అంతకంటే పెద్ద కారణం ఒప్పంద పత్రాల్లోని రెండు మూడు వాక్యాలు. 2023 ఫిబ్రవరిలో మనిషికి నెలకు 19 డాలర్ల చొప్పున వచ్చిన వ్యాపార రూపంలో, మీ కోడ్‌ను మేము దాచుకోబోమన్న హామీ ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్, షరతులు పాటించిన కస్టమర్లపై కాపీరైట్ దావా పడితే తానే భరిస్తానంది. కొనుగోలు విభాగం సంతకం పెట్టాక డెవలపర్‌కు లైసెన్సు రావడం ఎంతసేపు!

ఇక లెక్కల యుద్ధం. గిట్‌హబ్ పరిశోధకులు 95 మంది చేత జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ రాయించి, కోపైలట్ ఉన్నవాళ్లు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారని ప్రకటించారు. అమ్మేవాళ్ల ప్రదర్శనల్లో ఏళ్ల తరబడి కనిపించిన అంకె ఇదే. కొత్త కాగితం మీద కొత్త పని అది. నిజమైన టీములో పని పదేళ్ల నాటి కోడ్‌లో ఉంటుంది. 2025 జులైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ఆ పనినే పరీక్షించింది. కోడ్ అందరికీ తెరిచి ఉండే తమ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఏళ్లుగా పనిచేస్తున్న 16 మందికి 246 పనులు ఇచ్చి, ఏ పనికి ఏఐ వాడవచ్చో లాటరీ పద్ధతిలో తేల్చింది. మొదలుపెట్టే ముందు వాళ్లు 24 శాతం వేగం పెరుగుతుందన్నారు. అయిపోయాక 20 శాతం పెరిగిందన్నారు. గడియారం మాత్రం 19 శాతం ఎక్కువ సమయం పట్టిందని చెప్పింది. అసిస్టెంట్ ఇచ్చినదాంట్లో వాళ్లు ఉంచుకున్నది 44 శాతం లోపే. మిగతాది చదివి, సరిచూసి, పారేశారు. పదహారు మంది చాలా చిన్న సంఖ్య, పరికరాలూ ఆ తర్వాత మారాయి. అయినా వేగం పెరిగిందన్న అనుభూతికీ గడియారానికీ మధ్య అంత దూరం ఉండటం మేనేజర్లు పట్టించుకోవాల్సిన సంగతి.

వాళ్లు పట్టించుకున్నది వేరే అంకెలను. కొత్త కోడ్‌లో పావు వంతుకు పైగా ఏఐ తయారు చేస్తోందని, ఇంజనీర్లు చూసి ఆమోదిస్తున్నారని 2024 అక్టోబరులో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ చెప్పారు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, మైక్రోసాఫ్ట్ రెపోల్లో, అంటే కోడ్ భండారాల్లో, ఆ వాటా 20 నుంచి 30 శాతమని 2025 ఏప్రిల్‌లో అన్నారు. అదే నెలలో ఆన్‌లైన్ దుకాణాలకు సాఫ్ట్‌వేర్ అందించే షాపిఫై అధిపతి, కొత్త మనిషిని అడిగేముందు ఆ పని ఏఐతో ఎందుకు కాదో చూపాలని ఉద్యోగులకు లేఖ రాశారు. కోరుకున్నవాళ్లు నొక్కే ట్యాబ్ మీట అలా ఆఫీసు ఆదేశమైంది. ఈలోగా పరికరమూ మారింది. వరుస పూర్తి చేసే దశ దాటి, చెప్పిన పనికి తానే ఫైళ్లు తెరిచి, మార్చి, టెస్టులు నడిపి, పుల్ రిక్వెస్ట్ పెట్టే ఏజెంట్లు 2025లో వచ్చేశాయి. అదే ఏడాది స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో 84 శాతం మంది ఏఐ వాడుతున్నామని, లేదా వాడబోతున్నామని చెప్పారు. దాని జవాబులు సరైనవని నమ్మలేమన్నవాళ్లు 46 శాతం.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి సర్వీసు కంపెనీల్లో దీనికి మరో ముడి ఉంది. చాలా చోట్ల కోడ్ క్లయింటుది, యంత్రం క్లయింటుది, అసిస్టెంట్ వాడాలంటే అనుమతీ క్లయింటుదే. బిల్లు తలల లెక్కన, గంటల లెక్కన. పని త్వరగా అయితే ఆ మిగులు ఎవరిది? క్లయింటు తగ్గింపు అడుగుతాడు, కంపెనీ లాభం చూసుకుంటుంది, డెవలపర్‌కు మరో రెండు టికెట్లు, అంటే కొత్త పనులు, వచ్చిపడతాయి. ఫ్రెషర్ల సంగతి ఇంకా చిక్కు. చిన్న బగ్గులు, టెస్టులు రాయడం వంటి పనులిచ్చి వాళ్లకు కోడ్ అలవాటు చేసేవారు. ఏజెంట్లకు మొదట అప్పగిస్తున్నవీ అవే.

ఇక ఆ పదో ఫైలు. మూడుసార్లు మళ్లీ ప్రయత్నించే ఆ లూప్ పిలుస్తున్నది చెల్లింపుల సర్వీసును. మొదటి ప్రయత్నంలో డబ్బు కట్ అయి, జవాబు రావడం ఆలస్యమైతే లూప్ మళ్లీ పిలుస్తుంది, కస్టమర్ ఖాతాలో రెండోసారి కోత పడుతుంది. టీమ్ లీడ్ అది చూసింది కాబట్టి ఆగింది. టెస్టులు పట్టుకోలేదు. వాటినీ ఆ అసిస్టెంటే రాసింది.