మిరపకాయ తలుపు: నీడల నుంచి ఆకారం కట్టిన లెక్క

పచ్చిమిరపకాయ కొరికితే నోరు మండుతుంది. నిజానికి అక్కడ ఏదీ కాలడం లేదు. నాలుకలోని నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. అదొక తలుపు లాంటిది. సుమారు 43 డిగ్రీల వేడి దాటితే తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ కూడా వచ్చి అదే తలుపు తీస్తుంది. ఎవరు తీశారో మెదడుకి తెలియదు, కాలుతోందనే అనుకుంటుంది.

ఈ ప్రొటీన్ జన్యువును 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. తలుపు ఎలా ఉంటుందో చూడటానికి మాత్రం మరో 16 ఏళ్లు పట్టింది. 2013 డిసెంబరులో నేచర్ పత్రికలో రెండు పేపర్లు వచ్చాయి. ఒకదానిలో మొదటి పేరు మాఓఫు లియావ్, రెండోదానిలో ఎర్హు త్సావో. మొదటాయన మైక్రోస్కోప్ నిపుణుడు యిఫాన్ చెంగ్ ల్యాబులో, రెండో ఆయన జూలియస్ ల్యాబులో పోస్ట్‌డాక్‌లు. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయిపోయి, సొంత ల్యాబు ఇంకా చేతికి రాని మధ్యకాలపు ఉద్యోగం. మన ఇళ్లలో "ఇంకా చదువు అయిపోలేదా నాయనా?" అని అడిగేది వీళ్లనే. సైన్సులో చేతులు కాలే పని చాలావరకు వీళ్లే చేస్తారు.

అన్నేళ్లు ఎందుకు పట్టింది? ప్రొటీన్ ఆకారం చూడాలంటే అప్పట్లో ప్రధానమైన దారి, దాన్ని స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేలు పంపడం. టీఆర్‌పీవీ1 కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో కూర్చునే ప్రొటీన్. ఇలాంటివి స్ఫటికాలుగా పేరుకోవడం మహా కష్టం. అందుకే స్ఫటికం జోలికి పోకుండా క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ని పట్టుకున్నారు.

ప్రొటీన్ ఉన్న నీటి చుక్కను పల్చగా పరిచి, ద్రవ ఈథేన్‌లో ఒక్కసారిగా ముంచుతారు. నీరు గడ్డకట్టి పలుకులు తేలే వ్యవధి కూడా ఉండదు, గాజులా బిగుసుకుపోతుంది. స్విస్ శాస్త్రవేత్త జాక్ దుబోషే 1980ల్లో కనిపెట్టిన చిట్కా ఇది. ఇప్పుడు దాని మీదికి ఎలక్ట్రాన్లు పంపి ఫొటో తీయాలి. ఎక్కువ పంపితే ప్రొటీన్ ఛిద్రమైపోతుంది, తక్కువ పంపితే ఏమీ కనపడదు. తక్కువే పంపుతారు. వచ్చే బొమ్మ సిగ్నల్ లేని పాత టీవీ తెర లాగే ఉంటుంది. ఆ చుక్కల మధ్య ఎక్కడో ఒక ప్రొటీన్ నీడ. అలాంటి నీడలు వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో పోగుచేస్తారు.

ఇక్కడి నుంచి పని కంప్యూటర్‌ది. ఆసుపత్రిలో సీటీ స్కాన్ కూడా నీడల నుంచే లోపలి ఆకారం కడుతుంది, కానీ ఏ నీడ ఏ వైపు నుంచి తీసిందో ఆ మిషన్‌కి తెలుసు. ఇక్కడ ప్రతి ప్రొటీన్ తనకి తోచినట్టు పడుకుని గడ్డకట్టింది. కోణాలు తెలిస్తే ఆకారం కట్టొచ్చు, ఆకారం తెలిస్తే కోణాలు చెప్పొచ్చు. రెండూ తెలియవు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు అన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

అందుకని ఒక మొద్దు ఆకారం ఊహించుకుని మొదలెడతారు. ప్రతి నీడను దానితో పోల్చి కోణం అంచనా కడతారు, ఆ కోణాలతో కొత్త ఆకారం కడతారు, మళ్లీ పోలుస్తారు. ఇంత మసకలో ప్రతి నీడకీ "ఇదే నీ కోణం" అని ఒక్కటే అంటగడితే తప్పులు పేరుకుపోతాయి. ఇది కావడానికి ఇంత అవకాశం, అది కావడానికి ఇంత అని ప్రతి నీడనూ అన్ని కోణాలకీ పంచి లెక్కేయడం మేలు. మాడ్రిడ్‌లో పోస్ట్‌డాక్‌గా ఉన్నప్పుడు షోర్స్ స్కేరెస్ కుస్తీ పట్టింది ఈ సంభావ్యత లెక్కలతోనే. తర్వాత కేంబ్రిడ్జ్‌లో రెలియాన్ అనే ప్రోగ్రామ్ రాసి, 2012లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. శాన్‌ఫ్రాన్సిస్కో జంట వాడింది దాన్నే.

ఈ పద్ధతిలో ఒక గొయ్యి ఉంది. ఊహించిన ఆకారంతోనే పోలుస్తూ పోతే, కంప్యూటర్ చివరికి ఆ ఊహనే తిరిగి చూపించగలదు. ఈ రంగంలో పెద్ద తలకాయ అయిన రిచర్డ్ హెండర్సన్ 2013లో దీన్ని కళ్లకు కట్టేలా చెప్పాడు. ఏమీ లేని, కేవలం చుక్కలున్న 1000 బొమ్మలు తీసుకుని, ఐన్‌స్టీన్ ఫొటోకి దగ్గరగా సరిపోయేలా ఒక్కోదాన్నీ జరిపి సగటు తీస్తే, ఐన్‌స్టీన్ ముఖం తేలుతుంది! పచ్చకామెర్ల కంటికి లోకమంతా పచ్చగా కనిపించడమంటే ఇదే. ఆ ఏడాదే ఎయిడ్స్ వైరస్ మీది ఒక ప్రొటీన్ ఆకారంపై సరిగ్గా ఈ అనుమానంతోనే పెద్ద గొడవ నడిచింది.

దీనికి విరుగుడు చాలా సాదాది, ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చింది కూడా అదే. మొదట్లోనే నీడలను రెండు కుప్పలు చేస్తారు. రెండింటినీ వేర్వేరుగా, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియకుండా, ఆకారం దాకా తీసుకెళతారు. ఎంత సన్నని వివరం వరకు రెండూ ఒకే మాట చెబితే అంతవరకే నమ్ముతారు. పోలీసులు ఇద్దరు సాక్షులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టినట్టు.

మిరప తలుపు విషయంలో ఆ నమ్మకం 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా నిలబడింది. మిల్లీమీటరులో కోటో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. కొత్తగా వచ్చిన కెమెరాలకీ ఇందులో సగం వాటా ఇవ్వాలి. ఎలక్ట్రాన్ తగలగానే ప్రొటీన్ కాస్త కదిలి ఫొటో అలుక్కుపోయేది. ఈ కెమెరాలు ఫొటోకి బదులు చిన్న సినిమా తీస్తాయి, కదలికను తర్వాత లెక్కలతో సరిచేస్తారు. చివర్లో ప్రొటీన్ గొలుసులోని పూసలైన అమైనో ఆమ్లాలను ఆ ఆకారంలో అమర్చాక ఒక పరీక్ష ఉంటుంది. ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో, ఏ కోణాల్లో తిరగలేదో చెప్పే పటం అది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ గీసింది. నేటికీ ఏ ప్రొటీన్ ఆకారమైనా ఆ పటం ముందు నిలబడాల్సిందే.

ప్రొటీన్ ఆకారాన్ని లెక్కగట్టి ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ వచ్చాక ఇంత తిప్పలు ఎందుకని అడగొచ్చు. అది నేర్చుకున్నది ఇలా కష్టపడి తీసిన ఆకారాల నుంచే. పైగా తలుపు మూసినప్పుడు ఒకలా, తీసినప్పుడు ఇంకోలా ఉంటుంది. లోపల ఇంకెవరు కూర్చున్నారన్నది వేరే ప్రశ్న.

టీఆర్‌పీవీ1లో ఆ ప్రశ్నే ఎదురైంది. 2016లో అదే బృందం ప్రొటీన్‌ను కొవ్వు పొరతో సహా ఉంచి మళ్లీ చూసింది. క్యాప్సైసిన్ వచ్చి కూర్చునే గూడు ఖాళీగా లేదు. మిరప జాడ లేనప్పుడు అందులో పొరకు చెందిన కొవ్వు అణువు ఒకటి, బస్సులో తువ్వాలు వేసి ఆపుకున్న సీటులోలా, ముందే కూర్చుని ఉంది. క్యాప్సైసిన్ దాన్ని లేపి ఆ సీటులో కూర్చుంటుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది.