1600 మీటర్ల ఈవెంట్: గ్రౌండ్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కానిస్టేబుల్, ఎస్సై ఈవెంట్స్‌కు, అంటే పోలీసు ఉద్యోగాల శారీరక పరీక్షలకు, తయారయ్యే పిల్లలకు పరుగు నేర్పిస్తుంటాను. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. రౌండుకు దాదాపు 1 నిమిషం 48 సెకన్లు. అందని టైమింగేం కాదు. కష్టపడక కాదు, ఏ రోజు ఎంత కష్టపడాలో తెలియక చాలామంది పోగొట్టుకుంటున్నారు. అదే నా బాధ.

అపోహ: రోజూ వాచీ పెట్టుకుని 1600 పరిగెత్తితేనే టైమింగ్ తగ్గుతుంది.

వాస్తవం: పరిగెత్తేటప్పుడు ఒళ్లు అలసిపోతుంది, అంతే. బలం వచ్చేది ఆ తర్వాత, తిండీ నిద్రా అందినప్పుడు. తేరుకోకముందే మళ్లీ దంచితే ఉన్న బలం కూడా పోతుంది. ఒకబ్బాయి 7:40తో నా దగ్గరికి వచ్చాడు. నాకు చెప్పకుండా సాయంత్రాలు కూడా ఫుల్ స్పీడ్‌లో కొట్టాడు. మూడు వారాలకు 7:55 అయింది. "సార్, ఇక్కడే" అంటూ మోకాలి కింద ముందు ఎముక మీద వేలు పెట్టి చూపించాడు. నొప్పి అలా ఒకే చోట ఉంటే ఎముక చిట్లుతోందేమో అని అనుమానించాలి. పరుగు ఆపించి డాక్టర్ దగ్గరికి పంపాను. ఆ ఏడాది ఈవెంట్స్ పోయాయి. ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

వారంలో గట్టి ప్రాక్టీస్ రెండు రోజులు చాలు. అదీ ఒకదాని పక్కన ఒకటి వద్దు.

అపోహ: ఆయాసం రాని పరుగు దండగ.

వాస్తవం: పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తే పరుగే పునాది. గుండె, పిక్కలు, కీళ్లు దాంతోనే గట్టిపడతాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచిన న్యూజిలాండ్ రన్నర్ పీటర్ స్నెల్‌తో కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆదివారాలు దాదాపు 35 కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. రెండు రౌండ్ల పోటీకి అంత దూరం! మనకు అంత అక్కర్లేదు. చేతిలో 12 వారాలుంటే మొదటి 5 వారాలు మెల్లగా 20 నిమిషాల నుంచి 40 నిమిషాలకు పెంచండి. తర్వాత 5 వారాలు, గట్టి ప్రాక్టీస్ రోజుల్లో 400 మీటర్లు 1:45లో పరిగెత్తి రెండు నిమిషాలు నడవండి. నాలుగుసార్లతో మొదలుపెట్టి ఆరు దాకా వెళ్లొచ్చు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించండి.

ఇదే ప్లాన్ అందరికీ సరిపోదు. పగలంతా పొలం పని చేసి వచ్చినవాడికి, గదిలో కూర్చుని చదువుకునేవాడికి ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

అపోహ: మర్నాటి ఒళ్లు నొప్పులు లాక్టిక్ యాసిడ్ వల్ల.

వాస్తవం: కాదు. అది గంట, రెండు గంటల్లోనే తగ్గిపోతుంది. మర్నాడు పట్టేసేది అలవాటు లేని పనికి కండరాల్లో పడ్డ సూక్ష్మమైన దెబ్బల వల్ల.

అపోహ: చివరి వారం ఇంకా గట్టిగా కొట్టాలి.

వాస్తవం: ఆఖరి పది రోజుల్లో కొత్తగా బలం రాదు, అలసట మాత్రం వస్తుంది. అందుకే చివరి రెండు వారాలు స్పీడ్ అలాగే ఉంచి దూరం సగానికి తగ్గించండి. కాళ్లు ఊరుకోవు, టెన్షన్‌గా ఉంటుంది, అయినా ఆగండి. ముందురోజు 15 నిమిషాలు మెల్లగా పరిగెత్తి, అలవాటైన షూసే తీసి పెట్టుకోండి. కొత్తవి కొనొద్దు.