గోషామహల్ పరేడ్ తర్వాత ఫైలు ఎక్కడ ఆగుతుంది

ఏటా అక్టోబర్ 21న హైదరాబాద్‌లోని గోషామహల్ పోలీస్ స్టేడియంలో పోలీసు అమరుల స్మృతి పరేడ్ జరుగుతుంది. శోక్ శస్త్ర్ ఆదేశంతో తుపాకుల మొనలు నేలవైపు వాలతాయి. బ్యూగిల్ మోగుతుంది, అందరూ మౌనం పాటిస్తారు. ఆ ఏడాది దేశంలో విధి నిర్వహణలో చనిపోయిన పోలీసులను పేరుపేరునా స్మరిస్తారు. ఇక్కడ ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబర్ కాదు. ముందటి సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి ఈ సంవత్సరం ఆగస్టు 31 వరకు లెక్క. సెప్టెంబర్‌లో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం అక్టోబర్ పరేడ్‌కు వచ్చి, జాబితాలో తమవాడి పేరు లేదని కుమిలిపోతుంది. ఆ పేరు మరుసటి ఏడాది జాబితాకు వెళ్తుందన్న ఒక్క మాట యూనిట్ అధికారి ముందే చెబితే ఆ బాధ ఉండదు. కుటుంబానికి అందాల్సిన సాయం ఫైలు కూడా ఇలాంటి చిన్న లోపాల దగ్గరే ఆగుతుంది.

ఈ తేదీకి మూలం లద్దాఖ్‌లో ఉంది. 1959 అక్టోబర్ 20న హాట్ స్ప్రింగ్స్ దగ్గర గస్తీకి వెళ్లిన మూడు జట్లలో ఒకటి తిరిగి రాలేదు. అందులో ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్నారు. మర్నాడు పోలీసు అధికారి కరమ్ సింగ్ నాయకత్వంలో వారిని వెతుకుతూ వెళ్లిన దళంపై చైనా సైనికులు గుట్టమీద నుంచి కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. భౌతిక కాయాలను నవంబర్ 13న గానీ అప్పగించలేదు. అక్కడే పోలీసు లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్ల (ఐజీల) సమావేశం అక్టోబర్ 21ని సంస్మరణ దినంగా నిర్ణయించింది. ఢిల్లీలో జాతీయ పోలీసు స్మారకం 2018లో ప్రారంభమైంది. అప్పటికి దాని గోడమీద చెక్కిన పేర్లు 34,844.

అయితే మన దగ్గర అమరుల కుటుంబాల సాయానికి రూపమిచ్చింది లద్దాఖ్ ఘటన కాదు, నక్సలైట్ల కాలం. నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను 1989లో నెలకొల్పిన ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. 1999 సెప్టెంబర్ 4న హైదరాబాద్ ఎస్సార్ నగర్ కూడలిలో జరిగిన నక్సలైట్ల దాడిలో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రతోపాటు ఆయన గన్‌మన్, డ్రైవర్ ప్రాణాలు కోల్పోయారు. ఉమేశ్ చంద్ర విగ్రహం అక్కడే ఉంది. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో 38 మంది పోయారు, వారిలో ఎక్కువమంది గ్రేహౌండ్స్ జవాన్లే. ప్రత్యేక ఎక్స్‌గ్రేషియా, చనిపోయిన ఉద్యోగి రిటైరవ్వాల్సిన తేదీ వరకు కుటుంబానికి చివరి జీతం వంటి నిబంధనలు ఆ నేపథ్యంలో వచ్చాయి. అందుకే వాటి భాషలో ‘తీవ్రవాద హింస’ అన్న షరతు గట్టిగా కూర్చుంది.

ఇప్పటి మరణాలు ఆ చట్రంలో ఇమడవు. రాత్రి గస్తీలో లారీ గుద్దడం, బందోబస్తులో గుండె ఆగిపోవడం, నిందితుణ్ని పట్టుకోబోతే కత్తిపోటు పడటం... ఈ మూడు మరణాలకూ మూడు రకాల ఫైళ్లు నడుస్తాయి. 2024 అక్టోబర్ 21న తెలంగాణ ప్రభుత్వం అమరుల కుటుంబాలకు పెంచిన ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. కానిస్టేబుల్ నుంచి ఏఎస్సై వరకు కోటి రూపాయలు, ఎస్సై, సీఐలకు కోటి పాతిక లక్షలు, డీఎస్పీ స్థాయిలో కోటిన్నర, ఎస్పీ, ఆపై స్థాయికి రెండు కోట్లు. పెద్ద మొత్తమే. కానీ గుండెపోటుతో పోయిన హెడ్ కానిస్టేబుల్ భార్యకు ముందు ఎదురయ్యే ప్రశ్న, తన భర్త ఈ లెక్కలోకి వస్తాడా లేదా అన్నదే.

దానికి జవాబు చాలావరకు మొదటి రోజు కాగితాల మీదే ఆధారపడుతుంది. మనిషి డ్యూటీలో ఉన్నాడని చెప్పేది స్టేషన్ జనరల్ డైరీ. బయల్దేరిన వేళ, పని, పంపిన అధికారి పేరు అందులో ఉండాలి. ఫోన్లో చెప్పి పంపేసి, తర్వాత రాద్దామనుకున్న చోటే చిక్కు మొదలవుతుంది. ఘటన జరిగాక రాసిన పద్దు మీద ఆడిట్‌లోనైనా, బీమా కంపెనీలోనైనా అనుమానం తప్పదు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు పోస్టుమార్టం వద్దంటారు, తోటివాళ్లు జాలిపడి సరేనంటారు. ప్రమాద బీమాకు ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు లేకుండా దారి లేదు. ఆ సమయంలో గట్టిగా నిలబడి కుటుంబాన్ని ఒప్పించే మనిషి ఒకరు కావాలి. రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. ఎక్స్‌గ్రేషియా కోసం తిరుగుతూ ఆ గడువు దాటబెట్టుకోకూడదు.

రెండో చిక్కు నామినీది. హైదరాబాద్ సంస్థానంలో 1907లో కుటుంబ పింఛను నిధిగా మొదలైన వ్యవస్థే నేటి ప్రభుత్వ జీవిత బీమాకు మూలం. శతాబ్దం దాటినా దాని బలహీనత ఒక్కటే, ఉద్యోగి రాసిన పేరు మారదు. ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో చేరిన కుర్రాడు అమ్మ పేరు రాస్తాడు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, సర్వీస్ రిజిస్టర్‌లో పేరు మాత్రం అలాగే ఉంటుంది. అతను పోయాక అత్తాకోడళ్లు కోర్టుకెక్కుతారు. జీవిత బీమా, జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), గ్రాట్యుటీ, బ్యాంకు జీతం ఖాతా దేని నామినేషన్ దానిదే. ఒకటి మారిస్తే అన్నీ మారవు. పైగా బ్యాంకు ప్రమాద బీమా రావాలంటే ఆ ఖాతా పోలీసు శాలరీ ప్యాకేజీలో నమోదై ఉండాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో జీతం పడుతున్నంత మాత్రాన అది రాదు.

2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లు సీపీఎస్ (ఉద్యోగి వాటా కట్టే పింఛను పథకం) కిందికి వస్తారు. వారి కుటుంబాలకు పింఛను ఎంచుకునే వీలును తెలంగాణ ప్రభుత్వం 2021లో కల్పించింది. చనిపోయిన ఉద్యోగి ఇంట్లో ఒకరికిచ్చే కారుణ్య నియామకానికి మాత్రం మామూలు నియమం ఇప్పటికీ కఠినంగానే ఉంది. దరఖాస్తు ఏడాదిలోపు పడాలి. మైనర్ పిల్లలైతే మరణం తర్వాత రెండేళ్లలో 18 నిండాలి. పదేళ్ల పిల్లవాడు ఆ దారిలో ఉద్యోగం పొందలేడు. కాబట్టి భార్యకు చదువుంటే ఆమే వెంటనే దరఖాస్తు చేయడం మేలు.

ఇవన్నీ పట్టించుకోవాల్సిన పోలీసు సంఘాలు ఎందుకు బలంగా లేవన్నదానికీ ఒక చరిత్ర ఉంది. రాజ్యాంగంలోని 33వ అధికరణం ఆధారంగా 1966లో వచ్చిన చట్టం పోలీసులు అనుమతి లేకుండా యూనియన్లలో చేరడాన్ని నిషేధించింది. అతిక్రమిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1979లో అనేక రాష్ట్రాల్లో పోలీసులు రోడ్డెక్కారు. అదే ఏడాది జాతీయ పోలీసు కమిషన్ తొలి నివేదిక కానిస్టేబుళ్ల కష్టాలనే ముందు పెట్టింది. ఆ తర్వాత కూడా గుర్తింపు పొందిన సంఘం విన్నపం ఇవ్వగలదు గానీ సమ్మె చేయలేదు, సభ్యుల తరఫున గట్టిగా మాట్లాడితే క్రమశిక్షణ మాట వస్తుంది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ స్పెషల్ పోలీస్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డు మీదికి రావడానికి కారణం అదే. ఆ ఆందోళన నేపథ్యంలో 39 మంది సిబ్బందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగంలోంచే తీసేశారు.

సమ్మె హక్కు లేనంత మాత్రాన సంఘానికి పని లేకపోదు. పోలీసుల వైద్య పథకం ‘ఆరోగ్య భద్రత’ కార్డులో ఆధారపడ్డవారి పేర్లు సరిగా ఉన్నాయా, పోలీసు సిబ్బందికిచ్చే ‘భద్రత’ లోను తీసుకున్నవాడు పోతే బకాయి ఎవరి నెత్తిన పడుతుందో కుటుంబానికి తెలుసా అని స్టేషన్ స్టేషన్‌కూ తిరిగి చూడటం ఏ చట్టమూ ఆపని పని. అక్టోబర్ 21 నుంచి 31 వరకు రక్తదాన శిబిరాలు, ఓపెన్ హౌస్‌లు, వ్యాసరచన పోటీలు పెడుతున్నారు. ఆ పదకొండు రోజుల్లో ఒక రోజు ప్రతి యూనిట్‌లో నామినేషన్లు సరిచూడటానికి కేటాయిస్తే, వచ్చే ఏడాది ఎన్నో ఇళ్లలో కోర్టు గొడవలు తప్పుతాయి.

హోంగార్డుల సంగతి అన్నిటికన్నా అన్యాయం. బందోబస్తులో, ట్రాఫిక్‌లో పోలీసు పక్కనే నిలబడతారు, అదే లారీ వారినీ గుద్దుతుంది. వారికి పింఛను లేదు. 2025 జనవరి నుంచి రోజు వేతనం రూ.921 నుంచి రూ.1,000 అయింది. మరణిస్తే కుటుంబానికి ఎక్స్‌గ్రేషియా ఐదు లక్షలు. కానిస్టేబుల్ కుటుంబానికి ప్రకటించిన కోటి పక్కన అది ఇరవయ్యో వంతు.