హార్వర్డ్‌లో ఆర్‌ఓటీసీ: 2011లో తేల్చకుండా వదిలేసిన మాట

2025 జనవరి 27న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ట్రాన్స్‌జెండర్లను సైన్యానికి దూరం పెడుతూ ఉత్తర్వు ఇచ్చారు. కేసులు తేలేలోపు దాన్ని అమలు చేసుకోవచ్చని మే 6న సుప్రీంకోర్టు అనుమతించింది. దాంతో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పాత ప్రశ్నే మళ్ళీ ఎదురైంది. కాలేజీ విద్యార్థులను సైనికాధికారులుగా తయారుచేసే శిక్షణ ఆర్‌ఓటీసీ. తన విద్యార్థుల్లో కొందరిని చేర్చుకోని ఆ శిక్షణకు క్యాంపస్‌లో చోటు ఇవ్వొచ్చా?

ఈ చరిత్ర ఎవరు చెప్పినా 1969 ఏప్రిల్‌తో మొదలుపెడతారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన విద్యార్థులు హార్వర్డ్ పరిపాలనా భవనమైన యూనివర్సిటీ హాల్‌ను ఆక్రమించడం, మర్నాడు తెల్లవారుజామున పోలీసులు వాళ్ళను కొట్టి బయటికి ఈడ్చడం, 1916 నుంచి ఉన్న ఆర్‌ఓటీసీ కొద్ది కాలానికే వెళ్ళిపోవడం తెలిసినవే. కానీ అప్పటి గొడవ యుద్ధం మీద, ఆ క్లాసులకు క్రెడిట్ ఇవ్వాలా, సైనికాధికారికి ప్రొఫెసర్ హోదా ఉండాలా అన్నదాని మీద. ఎవరిని చేర్చుకుంటున్నారన్నది అప్పుడు చర్చలోకే రాలేదు.

అది వచ్చింది 1990లలో. హార్వర్డ్ క్యాడెట్లు అప్పటికే పక్కనున్న ఎంఐటీకి వెళ్ళి శిక్షణ పొందుతున్నారు. స్వలింగ సంపర్కులను సైన్యం దూరం పెడుతోంది కాబట్టి ఎంఐటీకి డబ్బు కట్టొద్దని అధ్యాపకులు పట్టుబట్టారు. చివరికి ఆ ఖర్చును పూర్వ విద్యార్థుల విరాళాలతో నడిపించారు. విశ్వవిద్యాలయం చేతికి మట్టి అంటలేదు, శిక్షణా ఆగలేదు.

అసలు మలుపు 2011 మార్చి 4. స్వలింగ సంపర్కులపై నిషేధాన్ని ఎత్తేసే చట్టం మీద ఒబామా 2010 డిసెంబరులో సంతకం పెట్టారు. రెండున్నర నెలలకే హార్వర్డ్ అధ్యక్షురాలు డ్రూ ఫౌస్ట్, నౌకాదళ కార్యదర్శి రే మేబస్ నేవీ ఆర్‌ఓటీసీని తిరిగి తెచ్చే ఒప్పందం చేసుకున్నారు. వివక్ష పోయింది, అడ్డంకి తొలగింది అన్నది దాని వెనుక తర్కం. కానీ వివక్ష పూర్తిగా పోలేదు. ట్రాన్స్‌జెండర్లను సైన్యం అప్పటికీ తీసుకోవడం లేదు. జెండర్ గుర్తింపు ఆధారంగా వివక్ష చూపకూడదని హార్వర్డ్ 2006లోనే తన నియమాల్లో చేర్చింది. ఈ సంగతిని ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు, వాళ్ళ పక్షాన నిలిచినవాళ్ళు సంతకాల ముందే గట్టిగా చెప్పారు. మా వంతు వచ్చేసరికి నియమం ఎందుకు సడలింది అన్నదే వాళ్ళ ప్రశ్న. దానికి సూటిగా సమాధానం రాలేదు. నేవీ తర్వాత 2012లో ఆర్మీ, 2016లో ఎయిర్‌ఫోర్స్ కూడా తిరిగొచ్చాయి.

దేశానికి సేవ చేయాలనుకునే విద్యార్థులను క్యాంపస్ వెలివేయకూడదన్నది రెండో పక్షం వాదన. ఆర్‌ఓటీసీని అడ్డుకునే విశ్వవిద్యాలయాలకు ఫెడరల్ నిధులు ఆపేసే సాలమన్ సవరణ వాళ్ళకు అండ. సైనిక నియామకాల విషయంలో ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు 2006లో 8-0తో సమర్థించింది.

2016లో ఒబామా ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్లపై నిషేధం ఎత్తేసింది. 2019లో ఆంక్షలు తిరిగొచ్చాయి, 2021లో పోయాయి, 2025లో మరింత కఠినంగా వచ్చాయి. ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ పూర్తి ట్యూషన్ ఫీజు దాకా భరిస్తుంది. సైన్యం కాదన్న విద్యార్థికి ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు వాళ్ళకు ఏం చేస్తామన్నది 2011లోనే రాసుకోవాల్సిన షరతు.