తాబేళ్లు వచ్చేది జనవరిలో, వేట ఆగేది ఏప్రిల్‌లో

ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు, చాలా మంచి పని. కానీ నెల్లూరు జిల్లా మైపాడు నుంచి ప్రకాశం జిల్లా కొత్తపట్నం దాకా ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి కనిపించేది ఎక్కువగా ఆ రెండు నెలల్లో కాదు. అవి జత కట్టడానికి, గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చేది డిసెంబరు, జనవరి మొదలు మార్చి దాకా, అంటే మరబోట్లు ఫుల్ స్పీడులో తిరిగే రోజుల్లో. వేట ఆగే సరికి వాటి సీజన్ దాదాపు అయిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి, అదీ ఈ కాలంలోనే.

ఒడ్డున పడున్న తాబేలును చూసి చాలామంది ఏదో రోగం వచ్చిందనో, ప్లాస్టిక్ తిన్నదనో అనుకుంటారు, ఎందుకంటే చాలాసార్లు ఒంటి మీద గాయమే ఉండదు. అసలు సంగతేమిటంటే సముద్రంలోనే బతికినా తాబేలుకు మొప్పలుండవు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. తీరిగ్గా పడుకుంటే గంటల తరబడి నీటి అడుగున ఉండగలదు. వలలో చిక్కుకున్నప్పుడు మాత్రం ప్రాణభయంతో కొట్టుకుంటుంది, ఒంట్లో ఉన్న ఆక్సిజన్ కొద్దిసేపట్లోనే ఖర్చయిపోతుంది. ట్రాలర్లు అనే మరబోట్లు రొయ్యల కోసం పెద్ద సంచి లాంటి వలను సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోతాయి, ఒక్కో లాగుడు రెండు మూడు గంటలు సాగుతుంది. అంతసేపు పైకి రాలేని తాబేలు నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. వల పైకి తీశాక దాన్ని మళ్లీ సముద్రంలోకి విసిరేస్తారు, కొన్నాళ్లకు అది ఏదో ఒక ఊరి ఒడ్డుకు చేరుతుంది.

మన దగ్గర తాబేళ్ల రక్షణ అనగానే గుడ్లు గుర్తొస్తాయి. అటవీశాఖ వాళ్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు రాత్రుళ్లు తీరం వెంట నడిచి గుడ్లు ఏరి, కంచె వేసిన చోట పాతిపెట్టి, దాదాపు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి రాగానే సముద్రంలో వదులుతారు. వాళ్ల కష్టానికి దండం పెట్టాలి. అయితే 1987లో డెబోరా క్రౌజ్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికాలో లాగర్‌హెడ్ అనే మరో జాతి తాబేళ్ల మీద ఒక లెక్క కట్టారు. ఏ వయసులో ఎన్ని చనిపోతున్నాయి, ఏ వయసు వాటిని కాపాడితే సంఖ్య పెరుగుతుంది అని చూస్తే తేలిందేమిటంటే, ప్రతి గుడ్డునూ కాపాడినా అదొక్కటే చాలదు, ఎదిగిన తాబేళ్లు, ఎదగబోతున్నవి వలల్లో చావకుండా ఆపితేనే ఆ జాతి నిలబడుతుంది. ఆలోచిస్తే అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఒక ఆలివ్ రిడ్లే ఒకసారికి సుమారు వంద గుడ్లు పెడుతుంది, కానీ ఆ పిల్లల్లో పెద్దయ్యేవి చాలా చాలా తక్కువ. అన్ని గండాలూ దాటి, పదేళ్లకు పైగా బతికి, తొలిసారి గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేలు ట్రాలర్ వలలో పోతే ఆ నష్టాన్ని ఎన్ని బుట్టల గుడ్లు ఏరి పూడ్చగలం?

దీనికి పరిష్కారం కనిపెట్టి కూడా చాలా ఏళ్లయింది. టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్, ముద్దుగా టెడ్ అంటారు. వల సంచికి ముందు ఏటవాలుగా ఒక కమ్మీల చట్రం బిగిస్తారు, అది జల్లెడలా పనిచేస్తుంది. రొయ్యలు, చిన్న చేపలు కమ్మీల మధ్య నుంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న సందులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయేలా ఒకటి తయారుచేసింది కూడా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో దీనికి ఆర్థిక సాయం ఉంది. అయినా ఇష్టంగా వాడే బోట్లు తక్కువ, ఎందుకంటే ఆ సందులోంచి తాబేలుతో పాటు కొంత సరుకు కూడా పోతుందని బోటు ఓనర్ల టెన్షన్. ఆ భయాన్ని తీసిపారేయకూడదు, డీజిల్ ఖర్చు పెట్టుకుని వెళ్లిన మనిషికి ప్రతి కిలో ముఖ్యమే. కొంతకాలం ఆ నష్టాన్ని ప్రభుత్వం భరిస్తే తప్పేముంది? వేట నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబానికి 2025 నుంచి 20 వేల రూపాయలు ఇస్తున్నారు కదా, టెడ్ బిగించిన బోటుకు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అలాంటి సాయం ఎందుకు ఇవ్వకూడదు?

నెల్లూరు రొయ్యకూ ఈ కథతో సంబంధం ఉంది. 1989లో అమెరికా ఒక చట్టం తెచ్చి, టెడ్ వాడని దేశాల నుంచి సముద్రంలో పట్టిన రొయ్యలు కొనబోమంది. దాని మీద భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో వచ్చిన తీర్పు ఏమందంటే, తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, కానీ దేశాల మధ్య తేడా చూపిన తీరు తప్పు. మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యకు ఆ నిషేధం తగలదు కాబట్టి ఇక్కడి వ్యాపారం పెద్దగా దెబ్బతినలేదు. కానీ చెరువులో వేసే మేతలో చేపపొడి ఉంటుంది, ఆ పొడిలో ట్రాలర్లు పట్టుకొచ్చే చిన్నాచితకా చేప చాలానే కలుస్తుంది. ఇక ప్రపంచం మొత్తమ్మీద ఏటా దాదాపు 91 లక్షల టన్నుల సరుకును పట్టి మళ్లీ సముద్రంలో పారేస్తున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో అంచనా వేసింది, అందులో సగానికి దగ్గరగా అడుగు ట్రాలింగ్ నుంచే.

ఇది ఫైబర్ బోట్ల మీద బతికే మన పట్టపుపాలేల, అంటే మత్స్యకారుల పల్లెల, గొడవ కూడా. 1994 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదు, అది చిన్న వేటగాళ్లకు వదిలిన నీరు. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు ఎక్కువగా తిరిగేదీ అక్కడే. పెద్ద బోట్లు, పక్క రాష్ట్రం నుంచి వచ్చేవి సహా, ఆ గీత దాటి లోపలికి వచ్చి వలలు తెంపుకుపోతున్నాయని నెల్లూరు తీరంలో గొడవలు ఎన్నిసార్లు జరిగాయో అందరికీ తెలుసు. తాబేలును కూర్మావతారంగా చూసి, వలలో పడితే విడిచిపెట్టే వాళ్లు ఈ పాలేల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల వల తెగడం, తాబేలు చావడం, రెండూ చాలాసార్లు ఒకే బోటు పని.

8 కిలోమీటర్ల గీతను సముద్రంలో ఎవరు కాపలా కాస్తారు అని అడిగేవాళ్లు ఉంటారు. ఇస్రో పరిజ్ఞానంతో తయారైన ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు ఉచితంగా బిగించే పథకం 2024లో మొదలైంది. తుపాను హెచ్చరికలు పంపడానికి, ఆపదలో ఉన్నవాళ్లను కనిపెట్టడానికి అది పనికొస్తుంది, బోటు ఎప్పుడు ఎక్కడుందో కూడా చెబుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ రికార్డు తీసి చూసి, గీత దాటిన బోటుకు జరిమానా వేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, 1994 చట్టం చాలు.