పళ్లెం చప్పుడుకి తిరిగితే చెవులు బాగున్నట్టేనా? పిల్లల మాటలపై అపోహలు - వాస్తవాలు

గుంటూరులో స్పీచ్ థెరపిస్టుని. నా దగ్గరికొచ్చే పిల్లల వెంట అమ్మమ్మో నాయనమ్మో కూడా వస్తారు. అమ్మ నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంటారు: "వాళ్ల నాన్నకీ మూడేళ్లకి గానీ మాటలు రాలేదమ్మా!"

అపోహ: మగపిల్లలకి మాటలు లేటే, వాటంతటవే వస్తాయి.
కొందరికి వస్తాయి, నిజమే. ఎవరికి వస్తాయో ముందే చెప్పలేం, అదీ చిక్కు. ఆడ, మగ తేడా ఉన్నా నెలల్లోనే, ఏళ్లలో కాదు. ఏడాదికి అటూ ఇటూగా తొలి మాట, 2 ఏళ్లకి దాదాపు 50 మాటలు, "అమ్మా పాలు" లాంటి జంట మాటలు రావాలి. నేనైతే మాట కంటే ముందు వేలు చూస్తాను. ఏడాదిన్నర దాటినా కాకిని వేలితో చూపించి మన మొహంలోకి చూడట్లేదంటే ఇక ఆగొద్దు.

అపోహ: చప్పుడుకి తిరుగుతున్నాడు, చెవులు బాగానే ఉన్నాయి.
వంటింట్లో పళ్లెం పడేసి చూశామంటారు. అంత చప్పుడుకి ఓ మోస్తరు వినికిడి లోపం ఉన్న బిడ్డా తిరుగుతాడు. మాటలో 'స', 'ఫ' లాంటి సన్నని శబ్దాలుంటాయి. అవి అందకపోతే వాడికి మాట సగమే వినిపిస్తుంది. జలుబు పదేపదే చేసి మధ్యచెవిలో నీరు చేరినా ఇదే తంతు. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలకి బిడ్డ జవాబు చెప్పక్కర్లేదు, నిద్రలో ఉండగా చేసేయొచ్చు, నొప్పి ఉండదు. నేను థెరపీ కంటే ముందు అడిగేది ఆ రిపోర్టే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) అనే ప్రభుత్వ పథకంలో 18 ఏళ్లలోపు పిల్లలకి స్క్రీనింగ్ ఉచితం, అంగన్‌వాడీలో అడగండి.

అపోహ: వస నాకిస్తే గలగలా మాట్లాడతారు.
వసపిట్ట అనే మాట నాకూ ముద్దే. వసకొమ్ము మాత్రం వద్దు. అందులోని బీటా-ఆసరోన్ అనే పదార్థం జంతువుల్లో క్యాన్సర్ తెచ్చిందనే 1968లో అమెరికా ఆహారంలో వసని నిషేధించింది. నాలుక కింద తాడు కోయించడమూ మందు కాదు. ఆ తాడు వల్ల కొన్ని అక్షరాలు తిరగకపోవచ్చు గానీ అసలు మాటలే ఆగవు.

అపోహ: రెండు భాషలైతే తికమక, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలి.
రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. "కమ్, సిట్, ఈట్" తప్ప ఇంకేమీ రాని ఇంగ్లీషు కంటే, కథలూ కబుర్లూ ఉన్న మీ తెలుగే బిడ్డకి నిండు భోజనం.

అపోహ: ఫోన్‌లో రైమ్స్ చూసి నేర్చుకుంటాడు.
రైమంతా పాడి, దాహమేస్తే మంచినీళ్లు అడగలేని పిల్లల్ని రోజూ చూస్తున్నాను. రెండేళ్లలోపు తెర అసలొద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల వరకు రోజుకి గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అపోహ: నేల మీద పడి దొర్లితే మొండితనమే.
చాలాసార్లు లోపల కోపం ఉంటుంది, చెప్పడానికి మాట ఉండదు. "బూచాడికిచ్చేస్తా" అంటే ఏడుపు ఆగుతుంది, భయం మిగులుతుంది. పక్కన కూర్చుని "బంతి పోయిందని కోపమొచ్చిందా?" అనండి. అని ఓ 5 సెకన్లు ఊరుకోండి. ఆ ఊరుకోవడమే పెద్దలకి కష్టం, అమ్మమ్మలకి మరీనూ.